బండ మీద మచ్చ

పిల్లలూ! మీ ఇంటి నేల ఏ రంగులో ఉన్నది? "రోజూ చూస్తున్నదే కదా, ఇదేమి ప్రశ్న?" అంటారు. సరే, ఒక్కసారి మంచం కిందా, బీరువా కిందా వంగి చూచి రండి. అక్కడి రంగూ, మీరు రోజూ నడిచే దారిలోని రంగూ ఒకటేనా? పొయ్యి ముందర ఒక రంగు, నీళ్ళబిందె కింద ఒక రంగు, గడప దగ్గర మరొక రంగు. పరచిన నాడు నేలంతా ఒకే రంగులో తళతళలాడి ఉంటుంది. అంత గట్టి రాయికి ఈ మచ్చలు ఎలా వస్తున్నవి?

ఈ సంగతి తెలుసుకోవడానికి మనము రాయికల్ వెళ్ళుదాము.

రాయికల్ జగిత్యాల జిల్లాలోని ఊరు. దానికి ఉత్తరాన గోదావరి పారుతున్నది. ఇక్కడా, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్లల వైపూ ఎన్నో ఇళ్ళలో ఒకరో ఇద్దరో దుబాయిలోనో, మస్కట్‌లోనో పనిచేస్తూ ఉంటారు. వారు ఎండలో కష్టపడి పంపిన డబ్బుతో ఇక్కడ ఇల్లు లేస్తుంది. అటువంటి ఇల్లు ఒకటి ఉన్నదనుకోండి. ఆ ఇంటి వరండాలో తాండూరు బండలు, వంటింటి గట్టుకు గ్రానైటు, హాలులో మాత్రం తెల్లని చలువరాయి. ఆ హాలును ఇంటి యజమాని ఫోనులో చూశాడే గాని, ఇంతవరకూ దానిమీద కాలు పెట్టలేదు. రెండేళ్ళ తరువాత దసరాకు వస్తున్నాడు.

ఆయన కూతురు అయిదో తరగతి చదువుతున్నది. ముందురోజు పులిహోర కోసం నిమ్మకాయలు పిండి, పిండిన చెక్కలను హాలులో నేలమీదే వదిలి నిద్రపోయింది. తెల్లవారి చూస్తే, చెక్కలున్న చోటల్లా గుండ్రంగా, వెలవెలబోయిన మచ్చలు! తడిగుడ్డతో తుడిచింది. పోలేదు. సబ్బుతో రుద్దింది. పోలేదు. "బాపు వచ్చి చూస్తే ఎట్లా?" అని ఆ పిల్లకు ఏడుపు వచ్చింది. అమ్మ చూడకముందే మచ్చ పోగొట్టాలని, స్నానాలగదిలో ఉన్న యాసిడ్ సీసానూ, బ్లీచింగ్ పొడి డబ్బానూ రెండింటినీ తెచ్చుకున్నది. సీసా మూత తీయబోతుండగా, వరండాలో మెట్టు బాగు చేస్తున్న ముసలి సుతారి చూశాడు.

"ఆగు బిడ్డా! ముందుగాల ఆ సీసా కింద పెట్టు!" అని ఒక్క కేక వేశాడు.

పిల్ల ఉలికిపడి సీసా కింద పెట్టింది. ముసలాయన దానికి గట్టిగా మూత బిగించి, దూరంగా పెట్టి వచ్చాడు.

"తాతా, మచ్చ పోవాలె గదా?" అన్నది పిల్ల.

"పోవాలె. గని ఏం మచ్చనో తెలవకుండ మందు పోస్తవా? జరమొచ్చినోనికీ, కాలు ఇరిగినోనికీ ఒకటే మందిస్తరా?" అన్నాడు సుతారి.

ఆయన ఆ సీసా చూచి ఎందుకంత భయపడ్డాడో చివర చెబుతాను. ముందు ఆయన అడిగిన ప్రశ్న చూద్దాము. నేలకు పడే మచ్చలు ముఖ్యంగా నాలుగు జాతులు: పైన పట్టినవి, లోపలికి ఇంకినవి, లోపలినుంచి పైకి వచ్చినవి, రాయి తానే చెడగా ఏర్పడినవి.

పైన పట్టిన మచ్చ

బోరు నీళ్ళతో రోజూ కడిగే నేలమీద కొన్నాళ్ళకు తెల్లని పొర ఒకటి కడుతుంది. కుళాయి కింద అది మరీ ఎక్కువ. భూమి లోపల నీరు రాళ్ళ సందులగుండా పోయేటప్పుడు సున్నపు పదార్థాలను తనలో కరిగించుకుంటుంది. అటువంటి నీటినే కఠినజలం అంటారు. నేలమీద ఆ నీరు ఆరిపోయినప్పుడు నీరు మాత్రమే ఆవిరై పోతుంది, సున్నం పోదు. నీళ్ళు కాచే గిన్నె అడుగున కట్టే తెల్లని పెచ్చు కూడా ఇదే.

కఠినజలంలో సబ్బు సరిగా నురగ కట్టదు. నురగకు బదులు జిగటగా ఒక తెట్టు ఏర్పడుతుంది. ఆ తెట్టు నేలకు పట్టి, దానిమీద దుమ్ము అంటి, ఎంత కడిగినా మసకగానే కనబడుతుంది. "రోజూ సబ్బుతో కడుగుతున్నా నేల నల్లబడుతున్నదేమిటి?" అనేవారి ఇంట్లో చాలాసార్లు దోషం సబ్బుదే! సబ్బు తక్కువ వేసి, మంచినీటితో మరొకసారి తుడిచి, చివరకు పొడిగుడ్డతో తడి లేకుండా చేస్తే ఈ పొర కట్టదు.

లోపలికి ఇంకిన మచ్చ

రాయి గట్టిది కదా, దానిలోకి ఏదైనా ఎలా ఇంకుతుంది? దీపపు వత్తిని చూడండి. ప్రమిదలోని నూనె ఎవరూ తోడకుండానే వత్తి చివరకు ఎక్కుతుంది. నూలుపోగుల మధ్య సన్నని సందులు ఉండడమే దానికి కారణం. రాతిలో కూడా కంటికి కనబడని సందులు ఉన్నవి. గ్రానైటులో తక్కువ, చలువరాతిలోనూ తాండూరు బండలోనూ కొంచెం ఎక్కువ, సిమెంటు గచ్చులో మరీ ఎక్కువ. వత్తి నూనెను పీల్చినట్లే నేల కూడా పీల్చుకుంటుంది.

సిరిసిల్లలో మరమగ్గాల షెడ్లలోకి పోయి చూడండి. యంత్రాలకు పోసిన నూనె చుక్కలు చుక్కలుగా కారి, మగ్గాల కింద గచ్చు నల్లగా అయిపోయి ఉంటుంది. పొయ్యి ముందు నేల జిడ్డుగా మారడం కూడా ఇటువంటిదే.

ఇంకిన నూనెను నీటితో కడిగి లాభం లేదు. లోపలికి పీల్చుకున్నదానిని బయటికే పీల్చవలె. సుద్దపొడినో, ముల్తానీ మట్టినో నీటితో ముద్దగా కలిపి, మచ్చమీద మందంగా పట్టించి, ప్లాస్టిక్ కాగితం కప్పి ఒక రాత్రి ఉంచాలి. మరునాడు కాగితం తీసి పూర్తిగా ఎండనివ్వాలి. ముద్ద ఎండుతూ తనలోకి నూనెను లాక్కుంటుంది. ఒకసారికి పోకపోతే రెండుమూడుసార్లు చేయాలి.

ఇది చిన్న ఇళ్ళకే పనికివచ్చే చిట్కా అనుకోకండి. ఆగ్రాలోని తాజమహల్ తెల్లని చలువరాయి పొగకూ దుమ్ముకూ పసుపుపచ్చగా మారినప్పుడు, పురావస్తు శాఖవారు 1994, 2001, 2008, 2014 సంవత్సరాలలో దానికి ముల్తానీ మట్టి పూత పూశారు. ఎండిన పూతను శుద్ధమైన నీటితో కడిగితే, మట్టితోపాటు మకిలీ ఊడి వచ్చింది. మన అక్కలు ముఖానికి రాసుకునే మట్టినే చక్రవర్తి కట్టించిన కట్టడానికీ రాశారన్నమాట!

ఇంకే మచ్చలలో రంగుమచ్చలు వేరే ఉన్నవి. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతంలో పసుపు పంట ఎక్కువ. ఉడికించిన పసుపుకొమ్ములు తెచ్చిన ఇంట్లో నేలకు పసుపు అంటకుండా ఉంటుందా? పసుపుమచ్చకు రెండు వింత గుణాలున్నవి. కొత్త సిమెంటు నేలమీద పడినా, సబ్బు తగిలినా అది ఎర్రబడుతుంది. సిమెంటులోనూ సబ్బులోనూ ఉన్న క్షారమే దానికి కారణం. "మచ్చ ఎక్కువైందే!" అని భయపడనక్కరలేదు. రెండవ గుణం ఏమంటే, పసుపు రంగు ఎండకు నిలువదు. వరండాలో పడిన పసుపుమచ్చను కొన్నాళ్ళు ఎండకు వదిలితే తనంతట తానే వెలిసిపోతుంది.

వానాకాలంలో వాకిట్లో గచ్చుమీద రాలిన బాదం ఆకు రెండు రోజులు తడిసి ఉంటే, ఆకును తీసివేసినా దాని బొమ్మ నేలమీద మిగులుతుంది. ఆకులో టానిన్ అనే వగరు పదార్థం ఉన్నది. దానికి ఇనుము కలిస్తే నల్లరంగు పుడుతుంది. పూర్వం కరక్కాయతోనూ ఇనుముతోనూ సిరా చేసింది ఇందువల్లనే. శ్రీకాళహస్తి కలంకారీ బట్టలమీది నల్లగీతకు కూడా ఇదే కిటుకు. కాబట్టి తడి ఆకులమీద ఇనుపబకెట్టు పెట్టారంటే, మీరు మీ గచ్చుమీద కలంకారీ వేసినట్లే!

లోపలినుంచి వచ్చిన మచ్చ

కొన్ని ఇళ్ళలో నేలమీద ఏమీ పడకుండానే బండల అతుకుల వెంట తెల్లని పొడి తేలుతుంది. వేలితో తుడిస్తే పోతుంది. పది రోజులకు మళ్ళీ వస్తుంది. అది భూమిలోని ఉప్పు. నేల కింది చెమ్మ, దీపపు వత్తిలో నూనె ఎక్కినట్లే పైకి ఎక్కి, తనతోపాటు ఉప్పులను మోసుకు వస్తుంది. పైకి వచ్చాక నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది. చౌడునేలమీద వేసవిలో తెల్లగా తేలేదీ ఇదే.

ఈ ఉప్పును నీటితో కడగకూడదు. కడిగితే కరిగి, మళ్ళీ లోపలికే దిగి, మళ్ళీ పైకి వస్తుంది. పొడి చీపురుతోనో, కుచ్చుతోనో తుడిచి ఎత్తి పారవేయాలి. పైన ఏదైనా పూత పూసి మూసివేసినా లాభం లేదు. ఉప్పు లోపలే గట్టిపడి, ఉబ్బి, పైపొరను పెచ్చులు పెచ్చులుగా లేపుతుంది. దీనికి అసలు మందు ఇల్లు కట్టేటప్పుడే వేయాలి: వాననీరు గోడ మొదట్లో నిలవకుండా వాలు పెట్టడం, నేల కింద కంకర పరచి దానిమీద దళసరి ప్లాస్టిక్ పట్టా వేయడం, కింది సిమెంటు బాగా ఆరిన తరువాతనే బండలు పరచడం. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని పచ్చి సిమెంటుమీద బండ వేయించినవారు తరువాత చాలాకాలం ఆ తొందరపాటును తుడుస్తూనే ఉంటారు!

ఇనుపమచ్చ కూడా ఒకటున్నది. గ్యాసుబండ కింద ఎర్రని చక్రం చూశారా? ఇనుము, నీరు, గాలి మూడూ కలిస్తే తుప్పు. తడినేలమీద మంచం కోడు, బకెట్టు అడుగు, బీరువా కాలు అన్నీ తుప్పుముద్రలు వేస్తవి. వాటికింద చెక్కముక్కనో రబ్బరుబిళ్ళనో పెడితే చాలు. కొన్ని రాళ్ళలో ఇనుము పుట్టుకతోనే ఉంటుంది. అటువంటి రాయి చాలాకాలం తడిసి ఉంటే లోపలినుంచే గోధుమరంగు చారలు పుడతవి.

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. మన తాతలనాటి ఎర్రగచ్చులు ఇంకా అంత ఎర్రగా ఎందుకు ఉన్నవి? సిమెంటులో కలిపే ఆ ఎర్రపొడి తుప్పుజాతిదే. తుప్పుపట్టవలసిన ఇనుము ముందే తుప్పు పట్టింది. ఇక మారడానికి ఏమీ మిగలలేదు. అందుకే ఆ రంగు నిలిచింది.

రాయి చెడిన మచ్చ

ఇప్పుడు మన రాయికల్ పిల్ల మచ్చ దగ్గరికి వద్దాము. సుతారి దానిని వేలితో తడిమి చూశాడు. మచ్చ ఉన్న చోట నున్నదనం లేదు, గరుకుగా ఉన్నది.

"ఇది అంటుకున్న మచ్చ గాదు బిడ్డా, తిన్న మచ్చ. నిమ్మకాయ బండను తిన్నది," అన్నాడు.

అది అక్షరాలా నిజము. తాండూరు బండ, షాబాదు బండ, బేతంచెర్ల బండ, కడప నల్లబండ, ఇవన్నీ సున్నపురాళ్ళు. చలువరాయి కూడా సున్నపురాయే. కాకపోతే భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ రూపు మారినది. సున్నపురాతికీ పులుపుకూ పడదు. నిమ్మరసం, చింతపండు పులుసు, పెరుగు, ఏదైనా సరే, పులుపు తగిలితే రాయి కొంచెం కరిగి, బొగ్గుపులుసు వాయువు బుడగలుగా లేచిపోతుంది. నునుపుగా ఉన్న రాయి అద్దంవలె వెలుతురును ఒకేవైపు తిప్పికొడుతుంది గనుక మెరుస్తుంది. కరిగిన చోట గుంటలు పడి వెలుతురు చెదిరిపోతుంది గనుక వెలవెలబోయి కనబడుతుంది. అక్కడ అంటిన వస్తువు ఏదీ లేదు. లేనిదానిని తుడవడం ఎట్లా?

మరి గ్రానైటు? కరీంనగర్ ప్రాంతపు గ్రానైటు దేశదేశాలకూ పోతున్నది. అందులో ఉన్నది సున్నం కాదు. పలుగురాయి, ఫెల్‌స్పార్, అభ్రకం వంటివి. నిమ్మరసం దానిని ఏమీ చేయలేదు. కనుకనే వంటింటి గట్టుకు గ్రానైటు మేలు. హనుమకొండలో కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడిలో నల్లరాతి స్తంభాలు ఇప్పటికీ ముఖం కనబడేటట్లు మెరుస్తున్నవంటే, పనివాని నేర్పుతోపాటు రాయి ఎంపిక కూడా కారణమే.

పులుపు తరువాత నేలకు రెండవ శత్రువు ఇసుక. 1812లో మోస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఖనిజాల గట్టిదనానికి 1 నుంచి 10 దాకా అంకెలు ఇచ్చాడు. వజ్రానికి 10. ఇసుకలోని పలుగురాతికి 7. సున్నపురాతిలోని ఖనిజానికి 3 మాత్రమే. కాబట్టి చెప్పు కింద అంటుకొని వచ్చిన ఇసుకరేణువు చలువరాతిమీద మేకులాగా గీస్తుంది. రోజుకు పదిమంది నడిస్తే వేలకొద్ది గీతలు! నడిచే దారి మసకబారడానికీ, మంచం కింద మెరుపు నిలవడానికీ కారణం ఇదే. గడప అవతల చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కొని లోపలికి రమ్మని పెద్దలు అనడంలో నేలకు కూడా మేలున్నది.

పూర్వపు మట్టినేలకు ఈ బాధలేవీ లేవు. మచ్చ పడితే పేడతో మళ్ళీ అలికేవారు. నేల మళ్ళీ కొత్తదయ్యేది. రాతినేలను అలకలేము. కనుక కాపాడుకోవాలి.

నేలను కాపాడే ఆరు పనులు

1. పులుపుగాని నూనెగాని పడగానే గుడ్డను అద్ది పీల్చండి. రుద్దితే మచ్చ పెద్దదవుతుంది. తరువాత నీటితో తుడవండి.

2. గడప బయట ఒక పట్టా, లోపల ఒక పట్టా వేయండి. తడిగుడ్డ పెట్టేముందు ఇసుక లేకుండా ఊడవండి.

3. కడిగిన తరువాత నీరు నిలవనివ్వకండి. నిలిచిన నీరే సున్నపు పొరకూ, తుప్పుకూ, పాచికీ మూలం. పాచి మచ్చ మాత్రమే కాదు, తాతలనూ అవ్వలనూ జారవేస్తుంది.

4. ఇనుపవస్తువు కింద చెక్కగాని రబ్బరుగాని ఉంచండి.

5. చలువరాయి, తాండూరు బండ, సిమెంటు నేలలమీద యాసిడ్ పోయకండి. నిమ్మచెక్క చేసిన పనినే యాసిడ్ వందరెట్లు చేస్తుంది. పైన గాజుపూత ఉన్న టైల్సుకు అంత భయం లేదు గాని, వాటి మధ్య అతుకులు సిమెంటువే; అవి తినిపోతవి.

6. కొత్త మందు ఏదైనా ముందు బీరువా కింద ఒక మూల వాడి చూడండి.

సుతారి ఎందుకు భయపడ్డాడు?

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. పిల్లలతోపాటు అమ్మలూ నాన్నలూ కూడా దీనిని చదవాలి.

స్నానాలగది యాసిడ్‌నూ, బ్లీచింగ్ పొడినీ కలిపితే క్లోరిన్ అనే వాయువు పుడుతుంది. పచ్చగా, ఘాటుగా ఉంటుంది. గాలికన్నా సుమారు రెండున్నర రెట్లు బరువు గనుక పైకి పోక నేలకు దగ్గరగా పరుచుకుంటుంది. నేలమీద కూర్చుని రుద్దేవారి ముఖానికే అది ముందు తగులుతుంది. కళ్ళను మండించి, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర సైనికులమీదికి వదిలిన విషవాయువు ఇదే. "ఒక్కొక్కటి మంచిదే కదా, రెండూ కలిస్తే ఇంకా మంచిది" అనుకొని కలిపినవారు మూసిన స్నానాలగదులలో ప్రాణాపాయం తెచ్చుకున్నారు.

కనుక ఏ రెండు శుభ్రపరచే మందులనూ కలపకూడదు. పొరపాటున కలిసి ఘాటు వస్తే అక్కడ నిలబడి కడగాలని చూడకండి. వెంటనే బయటి గాలిలోకి పోయి పెద్దలను పిలవండి. కళ్ళు మండితే నీటితో బాగా కడగాలి. దగ్గు, ఆయాసం ఉంటే ఆలస్యం చేయక ఆసుపత్రికి పోవాలి. ఆ సీసాలు చిన్నవారికి అందని ఎత్తున, తమ తమ సొంత డబ్బాలలోనే ఉండాలి. తాగే నీళ్ళసీసాలో యాసిడ్ పోసి ఉంచడం కన్నా పెద్ద తప్పు లేదు.

సుతారి ఆ మాటలన్నీ పిల్లకు చెప్పాడు. తరువాత తన సంచిలోంచి నునుపు చేసే రాయి తీసి, నీళ్ళు చల్లుతూ మచ్చను మెల్లగా రుద్దాడు. చాలావరకు కలిసిపోయింది. కాని పక్కకు వంగి చూస్తే ఇంకా కొంచెం తెలుస్తూనే ఉన్నది.

దసరాకు తండ్రి వచ్చాడు. హాలులో అడుగు పెట్టగానే, ఎవరూ అడగకముందే పిల్ల మచ్చ చూపించి, జరిగినదంతా చెప్పింది. నిమ్మచెక్కల సంగతికి ఆయన నవ్వాడు. యాసిడ్ సీసా సంగతి వినేసరికి నవ్వు ఆగిపోయింది. ఆమెను దగ్గరకు తీసుకొని, "బండ పోతే ఇంకో బండ తెచ్చుకుందుము. నీకేమన్న అయితే నేను ఏడికెల్లి తేవాలె, బిడ్డా?" అన్నాడు.

మీరే చేసి చూడండి

కోడిగుడ్డు పెంకు ముక్కను ఒక గ్లాసులో వేసి, మునిగేటట్లు నిమ్మరసం పోయండి. పెంకు చుట్టూ సన్నని బుడగలు లేస్తవి. చలువరాతిలోని సున్నపు పదార్థమే పెంకులోనూ ఉన్నది గనుక, ఆ రాత్రి రాయికల్ ఇంటి హాలులో జరిగినది మీ కళ్ళముందే జరుగుతుంది.

తెల్లకాగితానికి పసుపునీళ్ళు రాసి ఆరనివ్వండి. దానిమీద సబ్బునీటి చుక్క వేస్తే ఎర్రబడుతుంది. ఆ ఎరుపుమీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్ళీ పసుపుపచ్చ అవుతుంది.

ఆ తరువాత మీ ఇంట్లో ఒక మచ్చను వెతకండి. అది పైన పట్టినదా, లోపలికి ఇంకినదా, లోపలినుంచి వచ్చినదా, రాయి చెడినదా? వేలితో తడిమి, పక్కనుంచి వంగి చూచి, కారణం కనిపెట్టండి. కనిపెట్టిన తరువాతనే గుడ్డ పట్టుకోండి!